ఏ గాడికి ఆ సూది

గ్రామఫోను అనగానే మనలో చాలామందికి ముందుగా గుర్తుకొచ్చేది ఆ కుక్క బొమ్మ. బాకా ముందు కూర్చుని, తల ఒక పక్కకు వాల్చి, చెవులు రిక్కించి యజమాని గొంతు వింటున్న నిప్పర్. తాతల నాటి రికార్డుల నడుమ, గుండ్రని కాగితం మీద గిరగిరా తిరుగుతూ కనిపించే బొమ్మ. ఆ చిత్రం వెనక ఒక చిన్న కథ ఉంది. ఫ్రాన్సిస్ బరో అనే ఆంగ్ల చిత్రకారుడు దాన్ని మొదట గీసినప్పుడు కుక్క ముందున్నది గ్రామఫోను కాదు, మైనపు సిలిండర్లను పలికించే ఫోనోగ్రాఫు. 1899లో లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీ ఆ పటాన్ని కొనడానికి ఒప్పుకుంటూ, అందులోని యంత్రాన్ని తీసేసి తమ పళ్ళెపు యంత్రాన్ని వేయమని కోరింది. బరో పాత యంత్రం మీదనే కొత్తదాన్ని చిత్రించి ఇచ్చాడు. పటానికి 50 పౌన్లు, దాని హక్కులకు మరో 50 పౌన్లు ముట్టాయి. అసలు పటాన్ని తగిన వెలుతురులో చూస్తే పై రంగు కింద పాత ఫోనోగ్రాఫు ఛాయ ఇప్పటికీ తెలుస్తుందట.

పటంలో యంత్రం మారినందువల్ల కుక్కకు గాని, అది వింటున్న గొంతుకు గాని వచ్చిన నష్టమేమీ లేదు. నిజమైన యంత్రాల దగ్గర సంగతి వేరు. ఒక యంత్రపు నోటిని తెచ్చి మరొక రకం రికార్డు మీద ఆనిస్తే ఆ రికార్డులోని గొంతు చెరిగిపోతుంది. చెరిగినదాన్ని తిరిగి గీయగల చిత్రకారుడు లేడు. పాత ఫోనోగ్రాఫు రిప్రొడ్యూసర్లలోని రకాలను గుర్తుపట్టడం గురించి రాయాలని నాకు అనిపించడానికి కారణం ఇదే. ఈ విద్య కేవలం సేకరించేవారి ముచ్చట కాదని నేను తెలుసుకున్న తీరును ముందుగా చెబుతాను.

న్యూజెర్సీలోని ఎడిసన్ పట్టణాన్ని తెలుగువారికి పరిచయం చేయనక్కరలేదు. మన కూరగాయల దుకాణాలు, మన హోటళ్ళు, మన పలకరింపులు అక్కడ వీధివీధినా దొరుకుతాయి. 1877లో థామస్ ఎడిసన్ మొదటి ఫోనోగ్రాఫును తయారుచేయించిన మెన్లో పార్క్ ఆ పట్టణంలోని భాగమే. అంతకుముందు రారిటన్ టౌన్‌షిప్‌గా ఉన్న ఆ ఊరికి 1954లో ఎడిసన్ పేరు పెట్టారు. కొన్నేళ్ళ కిందట అక్కడి మిత్రుడి ఇంటికి వెళ్ళినప్పుడు, ఒక శనివారం పొద్దున ఇద్దరం పాత సామాన్ల సంతకు పోయాం. ఓక్ చెక్క పెట్టెలో ఒక ఎడిసన్ స్టాండర్డ్ ఫోనోగ్రాఫు, దానితోపాటు అట్టడబ్బాల్లో పదకొండు సిలిండర్లు కనబడ్డాయి. బేరమాడి కొన్నాం. పది సిలిండర్లు నల్లనివి, కంపెనీ తయారుచేసినవి. పదకొండవది గోధుమరంగుది. దాని అంచు మీద పేరు లేదు, అంకె లేదు. ఎవరో ఇంట్లో రికార్డు చేసుకున్నది.

ఆ రాత్రి దాన్ని యంత్రానికి తొడిగి కీ ఇచ్చాం. గరగరల వెనక నుంచి ఒక పెద్దాయన నెమ్మదిగా ఏదో చెబుతున్న గొంతు, మధ్యలో ఒక చిన్నపిల్ల నవ్వు వినిపించాయి. మా ఇద్దరికీ ఒళ్ళు ఝల్లుమంది. ఆయన ఏమన్నాడో పట్టుకుందామని వెంటనే రెండోసారి పెట్టాం. ఈసారి గరగర పెరిగింది. మూడోసారి పెద్దాయన గొంతు లీలగా వినబడింది గాని నవ్వు వినబడలేదు. యంత్రాన్ని ఆపి చూస్తే సూది చుట్టూ గోధుమరంగు పొడి పేరుకుని ఉంది. ఆ పొడి ఏమిటో అర్థం కావడానికి మరో వారం పట్టింది. మా యంత్రానికి ఉన్నది హెచ్ రకం రిప్రొడ్యూసర్. ఆ సిలిండర్ మీద అది ఎన్నడూ ఆనకూడనిది.

ఇక అసలు విషయానికి వస్తాను. రిప్రొడ్యూసర్ అంటే రికార్డు గాడిలోని ఎత్తుపల్లాలను తిరిగి శబ్దంగా మార్చే భాగం. దానికి తెలుగు మాట ఏదైనా ఉందా అని వెతికాను, దొరకలేదు. ‘పలుకుబిళ్ళ’ అందామా అనిపించింది గాని, అందరికీ తెలిసిన మాటే ఇక్కడ వాడతాను. అందులో ముఖ్యమైనవి మూడు: గాడిలో నడిచే మొన, ఆ కదలికను మోసే చిన్న తులాదండం, ఆ దండం లాగినప్పుడల్లా కంపించే పలుచని పొర. ఎడిసన్ సిలిండర్ యంత్రాల్లో ఈ పొర రికార్డుకు పైన పడుకుని ఉంటుంది. దాని కింద ఒక వైపు కీలుతో వేలాడే బరువు ఉంటుంది. మొన ఉండే దండం ఆ బరువుకు అమరి ఉంటుంది. గాడి ఎటు నడిపిస్తే అటు నడిచే స్వేచ్ఛ ఆ బరువు వల్లనే వస్తుంది.

ఆ స్వేచ్ఛ మొదటి నుంచీ ఉన్నది కాదు. 1877 నాటి యంత్రంలో రికార్డు అంటే తగరపు రేకు చుట్టిన స్తంభం. రాసే నోరు, పలికే నోరు వేరువేరుగా ఉండేవి. 1886లో చిచెస్టర్ బెల్, చార్లెస్ సమ్నర్ టెయింటర్ తమ గ్రాఫోఫోనుకు హక్కులు పొందారు. రేకును నొక్కే బదులు మైనాన్ని చెక్కడం, మొనను బిగించకుండా వదులుగా తేలనివ్వడం వారి కానుకలు. ఎడిసన్ పోటీకి దిగి 1888లో గట్టి మైనపు సిలిండర్లతో తన యంత్రాన్ని సంస్కరించాడు. ఆ కాలపు కొన్ని యంత్రాల్లో రాసే బిళ్ళ, పలికే బిళ్ళ ఒకే చట్రంలో పక్కపక్కన ఉండేవి. చూడడానికి ముక్కుమీది కళ్ళద్దాల్లా కనబడడంతో వాటికి ‘స్పెక్టకిల్’ అనే పేరే స్థిరపడింది. మొన గాడి మధ్యకు వచ్చేదాకా చేతితో మర సవరించుకోవలసి వచ్చేది. ఆ అవస్థను తప్పిస్తూ తనంతట తానే గాడిని పట్టుకునే రకం వచ్చినప్పుడు దానికి ‘ఆటోమేటిక్’ అని పేరు పెట్టారు. ఆ పేరులోని గర్వం అర్థం కావాలంటే ముందటి అవస్థ తెలియాలి.

1902లో ఎడిసన్ కంపెనీ గోల్డ్ మౌల్డెడ్ రికార్డులను విడుదల చేసింది. అచ్చు తయారీలో బంగారపు ఆవిరి పూత వాడేవారు గనుక ఆ పేరు. అంతకుముందు సిలిండర్లు గోధుమరంగు మెత్తని మైనంతో ఉండేవి. కొత్తవి నల్లనివి, గట్టివి, పోతపోసినవి. రికార్డు గట్టిపడ్డది గనుక దాని మీద మరింత బరువు మోపవచ్చు, మరింత బిగ్గరగా పలికించవచ్చు. అందుకు తగ్గట్టుగా వచ్చినది మోడల్ సి. దాని మొన నీలమణితో చేసిన చిన్న బొత్తాం వంటిది. దాని గుండ్రని అంచు గాడిలో నడుస్తుంది. అమెరికా సేకర్తలు దాన్ని డోనట్ అంటారు. మనం గారె అనుకుంటే సరిపోతుంది. స్టాండర్డ్, హోమ్, ట్రయంఫ్ యంత్రాల్లో ఇది ఎంత విరివిగా వచ్చిందంటే, ఎడిసన్ రిప్రొడ్యూసర్ అంటే ఇప్పటికీ సేకర్తల మనసులో మెదిలేది ఈ సి రూపమే.

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. ఆ సిలిండర్ల మీద అంగుళానికి 100 గాడులు. అంటే ఒక్కో గాడికి దక్కే చోటు సుమారు 0.25 మిల్లీమీటర్లు. నిమిషానికి 160 చుట్లు తిరిగితే పాట రెండు నిమిషాలకు కాస్త పైచిలుకు వస్తుంది. పళ్ళెపు రికార్డుల కంపెనీలు అంతకంటే పొడవైన పాటలు అమ్ముతూ ఎడిసన్ వ్యాపారాన్ని తినేస్తున్నాయి. 1908లో ఎడిసన్ ఇచ్చిన జవాబు యాంబరాల్ రికార్డు. సిలిండర్ కొలత అదే, వేగం అదే. గాడులు మాత్రం అంగుళానికి 200. గాడికి దక్కే చోటు సగానికి తగ్గింది, పాట నాలుగు నిమిషాలకు పెరిగింది. సగం చోటులో నడవాలంటే గారె పనికిరాదు, సన్నని మొన కావాలి. ఆ సన్నని మొనతో వచ్చినదే మోడల్ హెచ్.

సేకర్తలు తప్పటడుగు వేసేది సరిగ్గా ఇక్కడే. సి, హెచ్ రెండూ పక్కపక్కన పెడితే కవలపిల్లలు. అదే గుండ్రని ఒళ్ళు, అదే వేలాడే బరువు, అదే పరిమాణం. ఒకదాన్ని తీసి రెండోదాని స్థానంలో పెడితే ఏ అడ్డూ లేకుండా కూర్చుంటుంది. యంత్రం కాదనదు. 1908 తరువాతి స్టాండర్డ్ యంత్రాల్లో రెండు నిమిషాలకు, నాలుగు నిమిషాలకు మార్చుకునే పళ్ళచక్రాలు ఉంటాయి. పాత యంత్రాలకు తగిలించుకునేందుకు కూడా కంపెనీ అటువంటి చక్రాలను అమ్మింది. అంటే ఒకే యంత్రానికి ఇంటివాళ్ళు రెండు రిప్రొడ్యూసర్లు ఉంచుకుని, రికార్డును బట్టి చక్రాన్ని, బిళ్ళను రెండింటినీ మార్చుకోవాలి. నూరేళ్ళలో యంత్రం చేతులు మారుతుంది, రెండింటిలో ఒక బిళ్ళ ఎక్కడో పోతుంది, మిగిలినది యంత్రానికి అంటిపెట్టుకుని సంతకు వస్తుంది. మా విషయంలో జరిగింది అదే. చక్రాన్ని రెండు నిమిషాల వైపు సరిగ్గానే తిప్పాం. మొన మాత్రం నాలుగు నిమిషాలది. వెడల్పాటి గాడిలో, మెత్తని మైనంలో, ఆ సన్నని మొన నాగలిలా దున్నుకుంటూ పోయింది.

గుర్తుపట్టే పద్ధతి ఇక చెబుతాను. మొదటిది అక్షరం. ఎడిసన్ కంపెనీ చాలా రిప్రొడ్యూసర్ల ఒంటి మీద మోడల్ అక్షరాన్ని, వరుస సంఖ్యను చెక్కింది. మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, వెలుతురును పక్కనుంచి పడనిస్తే కనిపిస్తాయి. అయితే అక్షరంతో ఆగిపోకూడదు. హెచ్ ఒంటికి సి దండం, సి ఒంటికి హెచ్ దండం తొడిగిన మరమ్మతులు కొల్లలుగా ఉన్నాయి. అరిగిన మొన స్థానంలో దొరికిన మొన వేసి పని కానిచ్చుకున్నవారు ఏ కాలంలోనైనా ఉంటారు. కనుక రెండో పని భూతద్దంతో మొనను చూడడం. గారె ఆకారమా, సన్నని మొనా? అంచు నునుపుగా ఉందా, పెచ్చు లేచిందా? పెచ్చు లేచిన నీలమణి సరైన రకమైనా సరే, ఉలితో సమానం. మూడో పని యంత్రపు పళ్ళచక్రాలను చూడడం. నాలుగో పని రికార్డును చూడడం. గాడులు భూతద్దం కింద విశాలంగా ఉన్నాయా, కిక్కిరిసి ఉన్నాయా? ఈ నాలుగూ ఒకే మాట చెప్పినప్పుడే కీ ఇవ్వాలి. ఒకటి తేడాగా చెబితే ఆ రాత్రికి పాట లేదు.

వీటికి తోడు మరొక మాయలమారి ఉంది, రికార్డర్. ఆ రోజుల్లో ఇంట్లోనే గొంతు రికార్డు చేసుకోవడానికి కంపెనీ విడిగా అమ్మిన బిళ్ళ అది. దూరం నుంచి రిప్రొడ్యూసర్‌కు చెల్లెలిలా ఉంటుంది. దాని మొన గుండ్రంగా ఉండదు, మైనాన్ని కోయడానికి పదునుపెట్టిన అంచు ఉంటుంది. దాన్ని పలికించే బిళ్ళ అనుకుని రికార్డు మీద ఆనిస్తే ఉన్న గొంతును చెక్కివేయడం తప్ప మరేమీ చేయదు.

1909లో వచ్చిన మోడల్ కె ఈ తికమకకు కంపెనీ ఇచ్చిన పరిష్కారం. ఒకే బిళ్ళకు రెండు మొనలు. చిన్న పిడి తిప్పితే ఒకటి పక్కకు పోయి రెండోది కిందకు వస్తుంది. ఫైర్‌సైడ్ వంటి యంత్రాల్లో ఇది కనిపిస్తుంది. ఇదే సదుపాయాన్ని మరింత పెద్ద పొరతో అందించినది మోడల్ ఓ. సేకర్తకు కె, ఓ రకాలు కంటికి సులువుగా తెలిసిపోతాయి. కాని రెండు మొనల్లో ఏది కిందికి తిరిగి ఉందో ప్రతిసారీ చూసుకోకపోతే అవి కూడా హెచ్ చేసిన పనే చేస్తాయి.

యాంబరాల్ మైనం గట్టిదే గాని పెళుసు. చేతిలోని వేడికే పగులుతుందన్న అపకీర్తి దానిది. 1912లో ఎడిసన్ మైనాన్ని వదలి సెల్యులాయిడ్‌కు వెళ్ళాడు. లోపల పలస్తరి, పైన నీలిరంగు సెల్యులాయిడ్ తొడుగు. పేరు బ్లూ యాంబరాల్. అది ఎంత బరువునైనా ఓర్చుకుంటుంది. అందుకని నీలమణి పోయి వజ్రం వచ్చింది, వజ్రంతోపాటు బరువూ పెరిగింది. డైమండ్ ఎ, బి, సి అని మూడు రకాలు. బయట బాకా ఉన్న పాత యంత్రాలకు అమర్చుకోవడానికి బి పనికివచ్చింది. 1915 నుంచి వచ్చిన యాంబరోలా 30, 50, 75 యంత్రాల్లో ఉన్నది డైమండ్ సి. ఇక్కడ అక్షరాలతో జాగ్రత్త. మోడల్ సి వేరు, డైమండ్ సి వేరు. మొదటిది రెండు నిమిషాల నల్ల మైనానికి, రెండోది నాలుగు నిమిషాల నీలి సెల్యులాయిడ్‌కు. యాంబరోలా కొన్నవారు నాలుగు నిమిషాల మైనపు యాంబరాల్ కూడా దాని మీద ఆడుతుందనుకుంటారు. గాడి కొలత సరిపోతుంది గనుక ఆడుతుంది కూడా. కాని వజ్రం, ఆ బరువు కలిసి మైనాన్ని తినేస్తాయి. గాడి వెడల్పుతోపాటు రికార్డు దేనితో చేసినదో కూడా చూడాలని ఈ వరుస నేర్పుతుంది.

పళ్ళెపు రికార్డుల వైపు వస్తే ఈ భాగానికి సౌండ్ బాక్స్ అన్న పేరు స్థిరపడింది. ఎమిల్ బెర్లీనర్ గ్రామఫోనులో గాడి కిందికీ పైకీ కాక కుడి ఎడమలకు ఊగుతుంది. కనుక పొర పడుకుని ఉండదు, పక్కకు ముఖం పెట్టి నిలబడి ఉంటుంది. పొర పడుకుందా, నిలబడిందా అన్న ఒక్క చూపుతోనే సగం సంగతి తెలుస్తుంది. 1901లో న్యూజెర్సీలోని క్యామ్డెన్‌లో ఎల్డ్రిడ్జ్ జాన్సన్ స్థాపించిన విక్టర్ కంపెనీ యంత్రాల్లో చాలాకాలం రాజ్యమేలినది ఎగ్జిబిషన్ సౌండ్ బాక్స్. దాని పొర అభ్రకం. గూడూరు గనుల పుణ్యమా అని మనకు చిరపరిచితమైన ఆ మెరిసే రాతిపొరే. తరువాత అంతకంటే పెద్ద పొరతో నెంబర్ 2, ఆపైన నెంబర్ 4 వచ్చాయి. 1925లో మైకు ద్వారా విద్యుత్తుతో రికార్డు చేయడం మొదలైంది. ఆ కొత్త రికార్డులలోని విస్తారమైన స్వరాలను అభ్రకం సరిగా అందుకోలేకపోయింది. అదే ఏడాది విక్టర్ తెచ్చిన ఆర్థోఫోనిక్ సౌండ్ బాక్స్‌లో పొర తేలికైన అల్యూమినియం మిశ్రలోహం, సూది దండం తిరిగేది చిన్న గుండ్ల మీద.

మన దేశపు ఇళ్ళలో దొరికేవి ఎక్కువగా ఇంగ్లండు కంపెనీ వరుసకు చెందిన హెచ్‌ఎమ్‌వి పెట్టెలు. వాటి మీద కూడా ఎగ్జిబిషన్, నెంబర్ 2, నెంబర్ 4, తరువాత 5ఏ, 5బి అనే పేర్లుంటాయి. ఇంగ్లండు నెంబర్ 4, అమెరికా నెంబర్ 4 ఒకటి కావు. అంకె చూసి విడిభాగాలు తెప్పించుకున్నవారు ఈ సంగతిని డబ్బు పోగొట్టుకుని నేర్చుకుంటారు. 1925లో వచ్చిన 101 నెంబరు పెట్టెలో అభ్రకపు పొర ఉన్న నెంబర్ 4 సాధారణం. 1931లో వచ్చిన 102 నెంబరు పెట్టెలో లోహపు పొర ఉన్న 5ఏ, 5బి ఎక్కువగా కనిపిస్తాయి. మీ ఇంటి అటక మీద నల్లని తోలు గుడ్డ అంటించిన చేతిపెట్టె ఉంటే, సౌండ్ బాక్స్ ముఖం ఒకసారి తిప్పి చూడండి. లోపల అభ్రకం మెరుస్తోందా, లోహమా అన్నది చూస్తే అది ఏ కాలపు రికార్డుల కోసం పుట్టిందో తెలుస్తుంది.

పళ్ళెపు రికార్డులన్నీ ఒక్కటే అనుకోవడం కూడా ప్రమాదమే. ఫ్రాన్సుకు చెందిన పాథే కంపెనీ పళ్ళేల్లో గాడి నిలువుగా ఊగుతుంది. వాటిని ఆడించేది ఉక్కు సూది కాదు, గుండు మొన ఉన్న నీలమణి. తొలినాటి పాథే పళ్ళేలు నడుమ మొదలై అంచు వైపుకు నడుస్తాయి. కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ మొదట సిలిండర్ల మీద, తరువాత పాథే ద్వారా పళ్ళేల మీద వెలువరించిన రికార్డులు ఈ కోవకే చెందుతాయి. అటువంటి పళ్ళేన్ని హెచ్‌ఎమ్‌వి పెట్టె మీద ఉక్కు సూదితో పెడితే స్వదేశీ ఉద్యమకాలపు గొంతు ఒకటి గరగరల పాలవుతుంది.

ఎడిసన్ కూడా 1912లో పళ్ళేలకు దిగాడు. పావు అంగుళం మందం గల డైమండ్ డిస్కులు అవి. నిలువు గాడి, అంగుళానికి 150. ఉక్కు సూదికి అవి లొంగవు, సూది వాటిని పాడుచేస్తుంది. 1926లో ఆయన కంపెనీ నలభై నిమిషాలు పాడే పళ్ళేలను ప్రయత్నించింది. వాటిలో గాడులు అంగుళానికి 450. వాటికోసం ప్రత్యేకమైన రిప్రొడ్యూసర్ కూడా చేసింది. మామూలు డైమండ్ డిస్క్ మొన ఆ సన్నని గాడిలో పట్టదు, గాడుల మధ్య గోడలను కూల్చుకుంటూ పోతుంది. ఆ ప్రయోగం విఫలమైంది. 1929లో కంపెనీ రికార్డుల వ్యాపారాన్నే మూసేసింది. అందువల్ల ఆ దీర్ఘకాలపు పళ్ళేలు, వాటికి తగిన రిప్రొడ్యూసర్లు రెండూ అరుదు. అరుదైన రికార్డు చేతికి వచ్చినప్పుడు మామూలు మొనతో ఆడించాలన్న ఆతురత కలగడం సహజం. దాన్ని అణచుకోవడానికే ఈ తబ్సీళ్ళన్నీ.

కాలాన్ని నిర్ణయించడం, నకిలీలను పట్టుకోవడం గురించి కొన్ని మాటలు. చాలా సౌండ్ బాక్సుల ముఖాన, రిప్రొడ్యూసర్ల అంచున హక్కుల తేదీలు చెక్కి ఉంటాయి. అమ్మేవారు మొదటి తేదీని చూపి ‘ఇది ఆనాటిది’ అంటారు. మనం చూడవలసింది చివరి తేదీ. ఆ వస్తువు అంతకంటే ముందు పుట్టి ఉండదు. తరువాత ఎప్పుడైనా పుట్టి ఉండవచ్చు. రెండోది పూత. క్రోమియం పూత వ్యాపారంలోకి వచ్చినది 1920లలో. కనుక 1910 నాటిదని చెప్పే సౌండ్ బాక్స్ క్రోమియంతో తళతళలాడుతుంటే అనుమానించాలి. ఆ కాలపువాటికి నికెల్ పూత, అది వయసుతో కాస్త పసుపుపచ్చగా, మెత్తగా మెరుస్తుంది. మూడోది మరలు. నక్షత్రంలా కూడలి గాటు ఉన్న ఫిలిప్స్ మరలు 1930ల నడుమ వచ్చాయి. ఎగ్జిబిషన్ సౌండ్ బాక్స్‌లో అవి కనిపిస్తే ఎవరో తరువాత విప్పారన్నమాట. మరమ్మతు నేరం కాదు గాని, దాన్ని దాచి ‘తాకని సరుకు’ అని అమ్మడం నేరమే.

నాలుగోది లోహం. నెంబర్ 2, ఆర్థోఫోనిక్ రకాల్లో తొలినాటివి ఇత్తడితో, తరువాతివి జింకు పోత లోహంతో వచ్చాయి. ఆ పోతలో మలినాలుంటే దశాబ్దాల తరువాత అది ఉబ్బి, పగిలి, చివరికి పొడిగా రాలుతుంది. అందుకే ఇత్తడి రకానికి గిరాకీ. చేతిలో పెట్టుకుంటే ఉబ్బిన అంచులు, సన్నని పగుళ్ళు తెలుస్తాయి. అటువంటిదాన్ని బలవంతంగా విప్పకూడదు. ఐదోది రబ్బరు. పొర చుట్టూ ఉండే రబ్బరు గొట్టం నూరేళ్ళకు కర్రలా బిగుసుకుంటుంది. దాంతో గొంతు కీచుమంటుంది, రికార్డు మీద ఒత్తిడి పెరుగుతుంది. దాన్ని మార్చడం మరమ్మతే గాని, వస్తువు విలువను చెడగొట్టడం కాదు.

మన దేశపు పాత బజార్లలో ఇత్తడి బాకాతో, కుక్క బొమ్మతో మెరిసిపోయే కొత్త ‘పాత’ గ్రామఫోనులు అమ్ముడవుతూ ఉంటాయి. ఏదో ఒక చేతిపెట్టెలోని మోటారును కొత్త చెక్కపెట్టెలో బిగించి, పల్చని ఇత్తడి బాకా తొడిగినవి. వాటిని పట్టించేది ఎక్కువగా సౌండ్ బాక్సే. అక్షరాలు చెక్కినట్టు కాక మొద్దుగా పోతపోసినట్టు ఉంటాయి, అంచులు గరుకుగా ఉంటాయి. ముందుగదిలో అలంకారంగా పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. దాని మీద అమ్మమ్మ దాచిన రికార్డును మాత్రం పెట్టకండి.

అమ్మమ్మల మాట వచ్చింది గనుక మరొకటి. 78 చుట్ల లక్క రికార్డులో రాతిపొడి కలిసి ఉంటుంది. అది మొదటి చుట్లలోనే ఉక్కు సూదిని గాడి ఆకారానికి అరగదీస్తుంది. అందుకే ఒక వైపు ఆడగానే సూది మార్చాలని నియమం. మన ఇళ్ళలో పొదుపు పేరిట ఒకే సూదిని పది పాటలకు వాడడం ఆనవాయితీ. అరిగిన సూది అంచు ఉలి అవుతుంది. మన పాత పాటల రికార్డుల్లో గొంతు బొంగురుపోవడానికి కాలం ఎంత కారణమో, ఆ పొదుపూ అంతే కారణం.

ఇంతకీ ఆ గోధుమరంగు సిలిండర్. అటువంటి మెత్తని మైనానికి తేలికైన ఆటోమేటిక్ రకమే కాస్త నయం, అసలు ఆడించకుండా ఉండడం అంతకన్నా నయం అని తరువాత తెలిసింది. అమెరికాలో శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు వేలాది సిలిండర్లను జాగ్రత్తగా పలికించి, 2005 నుంచి అందరికీ ఉచితంగా వినిపిస్తున్నారు. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో మొన ఆనించకుండా, గాడిని కాంతితో కొలిచి గొంతును రాబట్టే పద్ధతిని రూపొందించారు. మా సిలిండర్ నుంచి ఇంకా ఏమైనా రాబట్టగలరేమో చెప్పలేను. మిత్రుడు దాన్ని దూదిలో చుట్టి, డబ్బా మీద ‘ఆడించరాదు’ అని తెలుగులో, ఇంగ్లీషులో రాసి పెట్టాడు. ఆ పెద్దాయన ఏమి చెప్పాడో మాకు తెలియదు. ఆయన మాట్లాడుతుంటే నవ్విన ఆ పిల్లకు మాత్రం ఆయన మాట అర్థమై ఉంటుంది.

ఇప్పుడు నా దగ్గర ఒక సి, ఒక హెచ్ ఉన్నాయి. రెంటినీ వేరువేరు డబ్బాల్లో పెట్టాను. ఒక డబ్బా మీద నల్లరంగు చీటీ, మరొకదాని మీద ఎర్రరంగు చీటీ అంటించాను. రికార్డుల డబ్బాలకూ అవే రంగుల చీటీలు. ఎవరైనా చుట్టాలు వచ్చి ‘ఏదీ, ఒక పాట వినిపించండి’ అంటే ముందు భూతద్దం తీస్తాను. వాళ్ళు కాస్త విసుక్కుంటారు. ఫరవాలేదు.